డొక్కా సీతమ్మ గారు

 

ఈ నెల గోడపత్రికలో గొప్పవాళ్ళ జీవితాలు రాసే వంతు 9వ తరగతి వాళ్ళది. మావాళ్ళంతా కలిసి నా మీదకి తోసేశారు. అల్లూరి గురించి, కొమరం భీం గురించి, అంబేద్కర్ గారి గురించి మన గోడ మీద ఇదివరకే చాలాసార్లు వచ్చింది. అందుకని నేనొక వంటింటి మనిషి గురించి రాస్తున్నాను. ఆవిడ యుద్ధం చెయ్యలేదు, సభల్లో మాట్లాడలేదు, పుస్తకం రాయలేదు. ఇంటికొచ్చిన వాళ్ళకి అన్నం వండి పెట్టారు. అదొక్కటే చేశారు, చనిపోయేదాకా చేశారు. మనం మధ్యాహ్నం తినే భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది కదా. ఆ పేరు ఎవరిదని 6వ తరగతి తమ్ముళ్ళని అడిగితే ఒకడు సినిమా యాక్టరన్నాడు, ఇంకొకడు మంత్రి గారి అమ్మన్నాడు. ఇక రాయక తప్పదనిపించింది.

డొక్కా సీతమ్మ గారు 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీ శంకరం గారు, తల్లి నరసమ్మ గారు. తండ్రికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు బువ్వన్న. ఎవరొచ్చినా బువ్వ పెట్టకుండా పంపేవాడు కాదట, అందుకని ఆ పేరు. తల్లి చిన్నప్పుడే పోయింది. దాంతో ఇంటి వంట, వచ్చేపోయేవాళ్ళ సంగతి అంతా చిన్న పిల్లగా ఉండగానే సీతమ్మ గారి మీద పడింది.

ఆవిడ పుట్టిన కాలం ఎలాంటిదో కొంచెం చెప్పాలి. అప్పుడు దీన్ని రాజమండ్రి జిల్లా అనేవారు. 1832, 1833 సంవత్సరాల్లో నందన కరువు వచ్చింది. ఎండిపోయి డొక్కలు బయటపడ్డాయని దాన్నే డొక్కల కరువు అని కూడా అన్నారు. (ఈ డొక్కకీ సీతమ్మ గారి ఇంటిపేరుకీ ఏ సంబంధమూ లేదు, మా బెంచీలో ఒకడు ఉందని పట్టుబట్టాడు కాబట్టి చెబుతున్నాను.) తర్వాత తుఫానులు, మళ్ళీ కరువులు. 1821లో జిల్లా జనం 7 లక్షల 38 వేలు. 1841లో, అంటే సరిగ్గా సీతమ్మ గారు పుట్టిన ఏడాది, 5 లక్షల 61 వేలే. పక్కనే గోదావరి నిండుగా పారుతోంది, ఒడ్డున మనుషులు తిండి లేక చచ్చిపోయారు, లేకపోతే ఊళ్ళు వదిలిపోయారు. అది చూసే కాటన్ దొర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టాడు. ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852లో అయింది. అప్పటికి సీతమ్మ గారికి పదకొండేళ్ళు. కాబట్టి ఆకలి కథలు విని పెరిగి, నీళ్ళు వచ్చి పంటలు పండటం కళ్ళారా చూసిన తరం ఆవిడది.

పెళ్ళి కథ బాగుంటుంది. కోనసీమలో లంకల గన్నవరం అనే ఊరు, అక్కడ డొక్కా జోగన్న పంతులు గారని భూములున్న మనిషి. ఒకరోజు ఆయన మండపేట మీదుగా వస్తూ మధ్యాహ్నం వేళ అలసిపోయి భవానీ శంకరం గారింట్లో దిగారు. భోజనం పెట్టారు. ఆ పెట్టిన తీరు, ఆ అమ్మాయి మర్యాద చూసి ఆ పిల్లనే చేసుకుంటానని తర్వాత కబురు పెట్టారట. అన్నం దగ్గర కుదిరిన సంబంధమన్నమాట.

లంకల గన్నవరం గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉంది. మనం లంక అంటే రామాయణం లంక అనుకుంటాం. గోదావరి జిల్లాల వాళ్ళకి లంకంటే నది మధ్య మేట వేసిన భూమి. మా క్లాసులో కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చినవాడున్నాడు, వాడికీ లంకంటే నాలుగు పక్కలా నీళ్ళున్న ఊరే. ఆ రోజుల్లో బస్సు లేదు, వంతెన లేదు. అమలాపురం వైపు నుంచి రాజోలు, నరసాపురం వైపు పోవాలంటే నడవాలి, రేవులో పడవ ఎక్కాలి. పడవవాడు లేకపోతే కూర్చోవాలి. పొద్దుపోతే ఒడ్డునే పడుకోవాలి. పూటకూళ్ళ ఇల్లు అంటే డబ్బులివ్వాలి. డబ్బుల్లేని కూలీవాళ్ళు, యాత్రకెళ్ళే ముసలాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, వీళ్ళంతా ఏం తింటారు? జోగన్న గారిల్లు సరిగ్గా ఆ దారిలో ఉంది. అలా మొదలైంది.

ఇక్కడ మన మెస్సు లెక్క ఒకటి చెబుతాను. మధ్యాహ్న భోజనానికి 6 నుంచి 8 తరగతుల పిల్లలకి తలకి 150 గ్రాముల బియ్యం. అదే లెక్కన యాభై మందికి ఏడున్నర కిలోలు. నడిచి వచ్చి ఆకలి మీదున్న పెద్దవాడు అంతకు రెట్టింపు తింటాడు, పదిహేను కిలోలు అనుకోండి. సీతమ్మ గారి రోజుల్లో పల్లెలో మిల్లు లేదు. వడ్లు దంచాలి. పదిహేను కిలోల బియ్యానికి ఇరవై కిలోల పైనే వడ్లు దంపాలి, చెరగాలి. నీళ్ళు తోడాలి, కట్టెలు కొట్టాలి, పప్పు విసరాలి, అరటాకులు కోసి తేవాలి. ఇదంతా ఒక్కపూటకి. ఆవిడ ఇంట్లో వేళంటూ లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి మళ్ళీ పొయ్యి రాజేసేవారట. మనకి రాత్రి ఎనిమిది దాటితే మెస్సు తలుపు వేసేస్తారు. మెస్సు అక్కలు కోప్పడకండి, తప్పని అనట్లేదు, ఆవిడ చేసిన పని ఎంతటిదో తెలియాలని చెబుతున్నాను.

ఆవిడ గురించి చెప్పే కథల్లో నాకు బాగా నచ్చింది అంతర్వేది కథ. సీతమ్మ గారికి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఎక్కువ దూరమేం కాదు, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోట ఉంది. కానీ రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఇల్లు కదలడం కుదరదు. చివరికి ఒకరోజు ఎలాగో వీలు చేసుకుని పల్లకీలో బయల్దేరారు. దారిలో బోయీలు దింపి విశ్రాంతి తీసుకుంటున్నారు. పక్కన ఇంకో గుంపు ఆగింది, ప్రయాణంలో ఉన్న కుటుంబం. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు ఊరుకోబెడుతున్నారు, ఇంకొంచెం దూరమే, గన్నవరం సీతమ్మ గారిల్లు వచ్చేస్తుంది, అక్కడ కడుపునిండా అన్నం పెడతారు అని. పల్లకీలో ఉన్నది ఆవిడేనని వాళ్ళకి తెలియదు. ఆ మాటలు చెవిన పడ్డాయి. బోయీల్ని పిలిచి పల్లకీ వెనక్కి తిప్పమన్నారు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. వాళ్ళొచ్చేసరికి ఆకులు వేసి ఉన్నాయి.

ఈ కథ చెప్పేవాళ్ళు దేవుడే ఆ రూపంలో వచ్చాడని కూడా కలుపుతారు. నాకు ఆ ముక్క అక్కర్లేదనిపిస్తుంది. ఆకలేసిన పిల్లలుంటే చాలదా?

ఇంకో కథ వరదది. వానాకాలం, గోదావరి పొంగి లంకలు మునిగాయి. రాత్రి అవతల లంకలో చిక్కుకున్న మనిషెవరో అన్నం కోసం కేకలేస్తున్నాడు. ఆ కేకలు విని సీతమ్మ గారు వండితే, జోగన్న గారు ఆ వరదలో దాటి వెళ్ళి ఇచ్చి వచ్చారని చెప్పుకుంటారు. ఇది చదివితే మా కొల్లేరువాడికి 2024 సెప్టెంబరు గుర్తొచ్చింది. బుడమేరు పొంగి విజయవాడని ముంచింది మీకందరికీ తెలుసు. ఆ నీళ్ళన్నీ తర్వాత చేరేది కొల్లేరులోకే. తమ్మిలేరు నీళ్ళూ అక్కడికే. ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి, అది నెమ్మదిగా పోతుంది. విజయవాడలో నీళ్ళు తగ్గుతుంటే వాళ్ళ లంకల్లో పెరిగాయట. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి. బయటి నుంచి పులిహోర పొట్లాలు వచ్చేలోపు వాళ్ళ ఊళ్ళో ఇళ్ళల్లో ఉన్న బియ్యమంతా ఒకచోట పోసి బడి మేడ మీద వండుకున్నారని వాడు చెప్పాడు. పొట్లాలు తర్వాత చాలా వచ్చాయి, కొన్ని పాచిపోయి వచ్చాయి. వేడన్నం గురించి వాడు ఇప్పటికీ మాట్లాడతాడు, పొట్లాల గురించి మాట్లాడడు.

సరే, ఇప్పుడు మన హాస్టల్లో నడుస్తున్న గొడవ సంగతికి వస్తాను. ఎందుకంటే నేను సీతమ్మ గారిని ఎంచుకోవడానికి అదే అసలు కారణం.

ఈ ఏడాది నుంచి మన సైన్సు మాస్టారు రెండో ఆదివారం పదిమందిని తాడేపల్లిగూడెం తీసుకెళ్తున్నారు కదా. అక్కడ కొంతమంది కలిసి స్టేషను దగ్గర ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి మధ్యాహ్నం భోజనం పెడతారు. నేను మూడుసార్లు వెళ్ళాను. మా పని ఉల్లిపాయలు తరగడం, గుండిగలు మొయ్యడం, వడ్డించడం, తర్వాత ఆకులు ఎత్తడం. గూడెం ఉల్లిపాయల మార్కెట్టు పెద్దది, లారీలు లారీలు దిగుతాయి. దిగుమతిలో నలిగినవి తక్కువకి ఇస్తారు, అవే మాకొస్తాయి. మొదటిరోజు ఏడ్చినంత నేను ఇల్లు వదిలి హాస్టలుకి వచ్చినప్పుడు కూడా ఏడవలేదు.

తినడానికి వచ్చేవాళ్ళు బిచ్చగాళ్ళే అనుకుంటారు మీరు. కాదండి. మూటలు మోసి నడుం పోయిన హమాలీ తాత ఉన్నాడు. కొడుకులు ఇంట్లోంచి పంపేసిన ముసలమ్మ ఉంది. పనికోసం ఒరిస్సా వైపు నుంచి వచ్చి పని దొరకని కుర్రాళ్ళున్నారు. ఒకాయన గోడవైపు తిరిగి కూర్చుని తింటాడు. వడ్డించేటప్పుడు ఆయన ముఖం వైపు చూడొద్దని మాస్టారు మాకు ముందే చెప్పారు. అన్నం కావాలా, చారు కావాలా అని మాత్రం అడగాలి. ఆ అడగడం ముఖ్యమట.

దీనిమీద మన హాస్టల్లో కొందరికి అభ్యంతరం ఉంది. ఇద్దరు ముగ్గురి ఇళ్ళ నుంచి కూడా వచ్చి చెప్పారు. మనమే గవర్నమెంటు బియ్యం తిని చదువుకుంటున్నాం, మనం పోయి ఇంకొకళ్ళకి వడ్డించడమేంటి, ఆ పని డబ్బున్నవాళ్ళది, మన పిల్లలు చదువుకోక అక్కడ గిన్నెలు తోమడమా అని. ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. మన తాతలు చాలామంది మైదానం వాళ్ళ దగ్గర ఊరికే పనులు చేసినవాళ్ళే. ఇంకా మన ఆకలి సంగతీ ఉంది. వానాకాలంలో గింజలు అయిపోతే మామిడి టెంకలు నానబెట్టి పిండి చేసి అంబలి కాచుకోవడం, జీలుగు చెట్టు కొట్టి లోపలి పిండి తీయడం, అడవి దుంపలు తవ్వడం మా నాయనమ్మకి బాగా తెలుసు. ఆవిడ కథలు చెబుతుంటే ఆ దుంపల చేదు మన నోట్లోకి వస్తుంది.

సీతమ్మ గారు గన్నవరంలో వండి పెడుతున్న ఆ రోజుల్లోనే, 1879లో, అదే గోదావరికి ఎగువన రంప కొండల్లో మనవాళ్ళు తిరగబడ్డారు. కల్లు గీతకి పన్ను వేశారు, మన్సబుదారూ పోలీసులూ పీక్కుతిన్నారు. కారం తమ్మన్నదొర నాయకుడు, 1880లో ఆయన్ని చంపేశారు. కింద డెల్టాలో కాలువ నీళ్ళు, పైన కొండ మీద ఆకలి. ఒకే నది. వెదురు తెప్పల మీద రాజమండ్రి దాకా దిగిన మన తాతల్లో ఒకరైనా ఆ గన్నవరం రేవు దాకా వెళ్ళి ఉంటే తిని ఉండేవాళ్ళా? ఆవిడ బ్రాహ్మణ ఇల్లాలు. అప్పటి సత్రాలు చాలావాటిలో కులాన్ని బట్టి భోజనం. ఈవిడ ఇంట మాత్రం కులం అడగకుండా, వేళ చూడకుండా పెట్టేవారని కోనసీమ అంతా చెబుతారు. కాబట్టి తిని ఉండేవాళ్ళనే నేను అనుకుంటున్నాను.

ఇంకో సంగతి. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. మద్రాసు రాజధానిలో లక్షలమంది పోయారు. రాయలసీమ బాగా దెబ్బతింది. అప్పుడు సర్కారు వారు ఊరికే పెట్టకూడదని, బరువు పని చేసిన మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని లెక్క కట్టారు. పౌనంటే అరకిలో కూడా కాదు. రాళ్ళు కొట్టినవాడికి అది. రిచర్డ్ టెంపుల్ అనే దొర ఈ లెక్క వేశాడు. అంతకు ముందు 1847లో ఐర్లాండులో ఆలుగడ్డల పంట పోయి కరువొస్తే అక్కడ సర్కారు గంజి కేంద్రాలు తెరిచి ఒక దశలో రోజుకి 30 లక్షల మందికి పెట్టింది, కొన్ని నెలలకే మూసేసింది. కరువు మాత్రం పోలేదు. సర్కారు మూసెయ్యగలదు. సీతమ్మ గారి ఇంటికి మూసే రోజు రాలేదు.

డబ్బున్నవాళ్ళ పని అన్నారు కదా, ఆ మాటకి కూడా ఆవిడ జీవితంలోనే జవాబుంది. మొదట్లో జోగన్న గారికి భూములు బాగానే ఉండేవి. ఏళ్ళ తరబడి ఇలా పెడుతూ ఉంటే ఆస్తి కరిగిపోయింది. అయినా వంట ఆగలేదు. ఆస్తి ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకేలా నడిచింది ఆవిడ ఒంటి కష్టం. గూడెంలో నేను చూసిందీ అదే. బియ్యం మూటలు ఎవరో ఒకరు పంపుతారు. తరిగేవాళ్ళు, మోసేవాళ్ళు, కింద కూర్చున్నవాళ్ళ దగ్గర వంగి వడ్డించేవాళ్ళే ఎప్పుడూ తక్కువ. అది మన దగ్గర ఉంది. ఇంకా చెప్పాలంటే అక్కడ వేసే అడ్డాకు విస్తళ్ళు మన ఏజెన్సీ నుంచి వెళ్ళినవే. మా ఊరి ఆడవాళ్ళు కుట్టినవి కూడా ఉండొచ్చు.

రాజు గారి కథ చెప్పకపోతే మీరు ఊరుకోరు, అందరికీ తెలిసింది అదే. 1901లో ఏడో ఎడ్వర్డు ఇంగ్లండుకి రాజయ్యాడు. 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. సీతమ్మ గారి పేరు అంతదూరం వెళ్ళి, ఆ పట్టాభిషేకం ఉత్సవాలకి ఆవిడకి ఆహ్వానం వచ్చిందని చెబుతారు. ఆవిడ వెళ్ళనన్నారు. పేరు కోసం చేస్తున్న పని కాదన్నారు. కనీసం ఫొటో అయినా ఇమ్మన్నారు, దానికీ ఒప్పుకోలేదు. చివరికి ఫొటో పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పని పైఅధికారి బతిమాలితే, ఒకరి కూడు పోతుందని ఒప్పుకున్నారట. ఆ ఫొటోని ఉత్సవంలో కుర్చీలో పెట్టి గౌరవించారని కథ. నాకు రాజు కంటే ఆ ఉద్యోగం మాటే నచ్చింది. దొరతనానికి లొంగని మనిషి ఒకడి పూటకూటికి లొంగారు.

సీతమ్మ గారు 1909 ఏప్రిల్ 28న చనిపోయారు. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన వచ్చి తొమ్మిదేళ్ళు. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైళ్ళు తిరుగుతున్నాయి. మన ఏలూరు కూడా 1904 దాకా ఆవిడుండే గోదావరి జిల్లాలోదే, తర్వాతే కృష్ణా జిల్లాలో కలిపారు, 1925లో పశ్చిమ గోదావరి అయింది. అంటే ఆవిడ పూర్తిగా పొరుగు జిల్లా మనిషేం కాదు.

గన్నవరంలో వైనతేయ పాయ మీద కాలువ నీళ్ళు దాటించడానికి కాటన్ కాలంలోనే ఒక అక్విడక్టు కట్టారు. నది మీద వంతెన, ఆ వంతెన మీద కాలువ, కింద నది. అది పాతబడితే పక్కనే కొత్తది కట్టి 2000లో దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 2024లో బడి భోజన పథకానికి ఆ పేరొచ్చింది. 2025 జనవరి నుంచి జూనియర్ కాలేజీల్లో కూడా పెడుతున్నారు. అదే 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్ళీ తెరిచారు, అయిదు రూపాయలకి భోజనం. కొంతమంది, క్యాంటీను ఉండగా గూడెం స్టేషను దగ్గర మళ్ళీ పెట్టడం ఎందుకంటారు. ఆ గోడవైపు తిరిగి తినే ఆయన జేబులో అయిదు రూపాయలు ఉండవు. ఉన్నరోజు క్యాంటీనుకే వెళ్తాడు, ఆ రోజు మా దగ్గరికి రాడు.

వార్డెన్ మాస్టారు ఈ నెలాఖరుకి, గూడెం వెళ్ళడం కొనసాగించాలా వద్దా అని తేలుస్తామన్నారు. ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళ మాట కూడా వింటామన్నారు, అది న్యాయమే. మీ అభిప్రాయం ఏదైనా సరే, కాగితం మీద రాసి ఈ గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వెయ్యండి. పేరు రాయకపోయినా పర్లేదు.

ఈలోగా వచ్చే రెండో ఆదివారానికి మాత్రం అనుమతి ఉంది. ఆరుగురు కుదిరారు, ఇంకా నలుగురు కావాలి. పేర్లు శుక్రవారం సాయంత్రం స్టడీ అవర్ లోపు నాకివ్వాలి. పొద్దున్నే అయిదింటికి బయల్దేరాలి, కాబట్టి నిద్రమొద్దులు ఆలోచించుకుని చెప్పండి. చాకులు అక్కడే ఇస్తారు. తువ్వాలు ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి, ఉల్లిపాయలకి తప్పకుండా పనికొస్తుంది.